నింపిన ట్యాంకుతోనే ఆగిపోయే బండి

తెనాలి నుంచి గుంటూరు పోతూ నారాకోడూరు దాటిన కాసేపటికి బండి ఎక్కిళ్లు పట్టినట్టు రెండుసార్లు కుదిపింది. ఎంత రేసు తిప్పినా వేగం అందుకోలేదు. స్విచ్చి ఆపినట్టు టక్కున కాకుండా, మెట్లెక్కి ఆయాసపడిన మనిషి అరుగు మీద కూలబడినట్టు, నెమ్మదిగా శక్తి ఉడిగి రోడ్డు పక్కన ఆగింది. ఉదయం తొమ్మిది కావస్తోంది. పది గంటలకల్లా నేను గుంటూరులో ఆఫీసులో ఉండాలి. ట్యాంకు మూత తీసి చూస్తే పెట్రోలు దాదాపు అంచుదాకా ఉంది. మూత పెట్టి, బండిని రెండు పక్కలకూ బాగా ఊపి, చోక్ లాగి కిక్ కొట్టాను. మూడో కిక్కుకు ఏమీ జరగనట్టే స్టార్ట్ అయి, మారు మాట లేకుండా గుంటూరు చేర్చింది. ఆ పూట నేను చేసిన పనుల్లో ఒక్కటే బండిని నడిపించింది. అది ఏదో తెలుసుకోవడానికి నాకు ఏడు వారాలు పట్టింది. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉన్నా, గాలీ పెట్రోలూ కార్బురేటర్ అనే భాగంలో కలిసి ఇంజినుకు చేరే పాత రకం బండి ఇంకా వాడుతున్నవారికి ఈ ఏడు వారాల గొడవ పనికి రావచ్చునని రాస్తున్నాను.

బండి మా నాన్నగారిది. 2011లో కొన్నారు. వంద సీసీ, ఒకే సిలిండరు, గాలికి చల్లబడే నాలుగు స్ట్రోకుల ఇంజిను. నిరుడు ఆయనకు మోకాలి ఆపరేషన్ జరిగినప్పటి నుంచి నాలుగు నెలలపాటు అది మా తెనాలి ఇంటి వసారాలో టార్పాలిన్ కింద కదలకుండా ఉండిపోయింది. నాకు గుంటూరుకు బదిలీ కావడంతో రోజూ పాతిక కిలోమీటర్లు పోయి రావలసి వచ్చింది; ఇంట్లో ఉన్న బండి ఉండగా కొత్తది ఎందుకని దాన్నే తీశాను. టైర్లలో గాలి పట్టించాను, చైనుకు నూనె వేశాను, తాళాలు బిగుసుకుపోయి ఉంటే ఉన్న తాళాలన్నింటిలోనూ కుట్టు మిషను నూనె ధారాళంగా పోశాను. నాన్నగారు కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తూ, "పాత పెట్రోలు తీసెయ్యరా" అని ఒకే ఒక్క మాట అన్నారు. ట్యాంకులో మూడు లీటర్ల దాకా ఉంది, పారబొయ్యడానికి మనసొప్పక దాని మీదే కొత్తది పోశాను.

మొదటి జబ్బు ఆ పిసినారితనానికి పడిన శిక్షే. బండి చోక్ మీద మాత్రమే బతికేది. చోక్ లోపలికి నెట్టిన మరుక్షణం ఆగిపోయేది. రేసు ఇచ్చి పట్టుకుంటే బాగానే పరుగెత్తేది కానీ, రైల్వే గేటు దగ్గర రేసు వదిలితే చాలు, చచ్చినట్టు ఆగేది. దగ్గరలోని షెడ్డుకు తీసుకెళ్తే ఆ మెకానిక్ స్క్రూడ్రైవరు తీసి రేసు స్క్రూ రెండు చుట్లు బిగించి, "అయిపోయింది సార్, తీసుకెళ్లండి" అన్నాడు. నిజంగానే ఆగడం మానేసింది. కానీ నిలబడి ఉన్నా బండి రొద పెట్టడం, బ్రేకు వేసినా ముందుకు లాగడం మొదలైంది. రోగం అలాగే ఉంది, దాని మూలుగు వినపడకుండా పైన డప్పు వాయించాడంతే. స్లో స్పీడు, అంటే రేసు వదిలినప్పుడు ఇంజిను ఆడే వేగం, పెంచి పంపించడం మన షెడ్లలో మహా ప్రచారంలో ఉన్న వైద్యం. ఐదు నిమిషాల్లో అయిపోతుంది, డబ్బు తక్కువ, మూడు వారాల దాకా మళ్లీ రారు.

నిజానికి ఆ లక్షణంలోనే జబ్బు పేరు రాసి ఉంది. కార్బురేటర్‌లో పెట్రోలు పోవడానికి ఒక దారి కాదు, మూడు నాలుగు దారులుంటాయి. రేసు వదిలేసి ఉన్నప్పుడూ, కొద్దిగా తిప్పినప్పుడూ పెట్రోలు స్లో జెట్ అనే, కొలిచిన రంధ్రమున్న ఇత్తడి ముక్క ద్వారా వస్తుంది. సగం రేసులో, రేసుతో పాటు పైకి లేచే స్లైడుకు వేలాడే నీడిల్ చెప్పినంత వస్తుంది. పూర్తిగా తిప్పినప్పుడు మెయిన్ జెట్ చేతిలోకి వెళ్తుంది. అందువల్ల రేసు ఇస్తే బాగుండి, వదిలితే ఆగే బండిలో వెతకవలసింది స్లో జెట్ దారినే. నిలబడినప్పుడు బాగుండి, పరుగులో ఊపిరాడనట్టు ప్రవర్తించే బండి అయితే మెయిన్ జెట్టు, ఎయిర్ ఫిల్టరు, ట్యాంకు నుంచి వచ్చే ధార చూడాలి. చోక్ గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచుతుంది కనుక, అది లాగితే మెరుగైందంటే పెట్రోలు చాలడం లేదు లేదా ఎక్కడినుంచో దొంగగాలి వస్తోంది. చోక్ లాగితే ఇంకా అధ్వాన్నమైందంటే పెట్రోలు ముందే ఎక్కువైంది. బండి ఆగుతోంది అన్న మాటకు వైద్యం లేదు. ఎప్పుడు ఆగుతోంది అన్న మాటకు ఉంది.

ఆదివారం పొద్దున్నే పెరట్లో, వంటింటికి దూరంగా, పెట్రోలు కాక్ మూసి కార్బురేటర్ దించాను. అడుగున పెట్రోలు నిలిచే గిన్నెను బౌలు అంటారు; దాని స్క్రూలు మెత్తటివి, సరిపడే స్క్రూడ్రైవరు కాకపోతే తల అరిగిపోతుంది. ఇది మాత్రం ముందే తెలుసు. బౌలు విప్పితే అడుగున పనస జిగురు లాంటి లేత గోధుమరంగు పూత కనిపించింది. నిలవ పెట్రోలులోని తేలికైన భాగం ఆవిరైపోగా మిగిలేది ఇదే. స్లో జెట్ మీద 35 అని చెక్కి ఉంది, అంటే దాని రంధ్రం 0.35 మిల్లీమీటర్లు. దాన్ని సూర్యుడి వైపు పట్టి ఒంటికన్నుతో చూస్తే చీకటి తప్ప ఏమీ లేదు. సూదితోనో పిన్నీసుతోనో దాన్ని పొడవాలని చెయ్యి తహతహలాడుతుంది. పొడిస్తే ఇత్తడి రంధ్రం పెద్దదైపోయి, ఇక ఆ జెట్టు ఆ కొలతది కాకుండా పోతుంది. కరెంటు వైరులోని రాగి పోగు ఒకటి తీసుకుంటే 0.2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, రంధ్రం కంటే సన్నం, ఇత్తడి కంటే మెత్తన. కార్బురేటర్ క్లీనరులో పావుగంట నానబెట్టి, ఆ పోగుతో అటూ ఇటూ ఆడించి, సైకిలు పంపుతో గాలి కొట్టాక మళ్లీ ఆకాశం వైపు పట్టాను. ఆవగింజలో పదో వంతైనా లేని గుండ్రని వెలుతురు కనిపించింది. ఇంజినులోకి పోయే గాలి ప్రతి 14.7 గ్రాములకు ఒక గ్రాము పెట్రోలు కావాలన్న లెక్క, బండి నిలబడి ఉన్నంతసేపూ ఆ వెలుతురు చుక్క మీదే ఆధారపడుతుంది.

పక్కన ఉండే గాలి స్క్రూ గురించి ఒక మాట చెప్పాలి. దాన్ని విప్పే ముందు లోపలికి మెల్లగా, ఆనేదాకా మాత్రమే తిప్పుతూ ఎన్ని చుట్లో లెక్కపెట్టుకోవాలి. గట్టిగా బిగిస్తే దాని సూదిమొన కూర్చునే చోటు పాడవుతుంది. స్క్రూ ఎయిర్ ఫిల్టరు వైపు ఉంటే అది గాలిని అదుపు చేస్తుంది, బిగిస్తే పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. ఇంజిను వైపు ఉంటే పెట్రోలును అదుపు చేస్తుంది, బిగిస్తే పెట్రోలు పాలు తగ్గుతుంది. ఈ తేడా తెలియకుండా తిప్పే చేతులే ఎక్కువ. మా బండిది ఫిల్టరు వైపు ఉంది. ఇంజిను బాగా వేడెక్కాక, శబ్దం అన్నిటికంటే చురుకుగా ఉన్న చోట గాలి స్క్రూను ఆపి, ఆ తరువాతే రేసు స్క్రూతో నిమిషానికి 1400 చుట్ల దగ్గరికి దించాలి. మా మెకానిక్ ఈ రెండో స్క్రూతోనే మొదలుపెట్టి దానితోనే ముగించాడు.

బండి ఇప్పుడు చోక్ లేకుండా నిలబడింది కానీ నిలకడగా లేదు. స్లో స్పీడు తనంతట తాను పైకి పోయేది, కిందికి జారేది; మధ్యమధ్య ఒక దెబ్బ తప్పేది; రేసు ఒక్కసారిగా వదిలితే సైలెన్సరులో టప్పు టప్పుమనేది. దీన్నే మనవాళ్లు మిస్సింగ్ అంటారు, కారణాలు పది ఉన్నా పేరు ఒకటే. ప్లగ్ విప్పి చూశాను. బాగున్న ఇంజిను ప్లగ్ కొన కాఫీ పొడి రంగులో ఉంటుంది. మసిపట్టి నల్లగా పొడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ, నల్లగా నూనె తడి ఉంటే పిస్టన్ రింగులో వాల్వు సీళ్లో పోయినట్టు, సుద్దలా తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. నా చేతిలోది సుద్దముక్కలా ఉంది. అంటే పెట్రోలును దాటుకుని ఎక్కడో గాలి దూరుతోంది.

కార్బురేటర్‌కూ ఇంజిను హెడ్డుకూ మధ్య మానిఫోల్డ్ అనే గొట్టం అతికే చోట ఒక రబ్బరు ఓ-రింగు ఉంటుంది. అది ఎండిపోయి బల్లపరుపుగా అణిగిపోతే ఆ సందులోంచి ఇంజిను దొంగతనంగా గాలి పీల్చుకుంటుంది. ఆ సందు కంటికి కనిపించదు. దాన్ని పట్టుకోవడానికి కొందరు పెట్రోలు చల్లుతారు; వేడి ఇంజిను మీద పెట్రోలు చల్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు. ఇస్త్రీ చేసేటప్పుడు బట్టల మీద నీళ్లు చల్లే సీసా మా ఇంట్లో ఉంది. అందులో సబ్బునీళ్లు పోసి, బండి స్లోలో ఆడుతుండగా అతుకుల మీద ఒక్కొక్క చోటే పిచికారీ చేశాను. కార్బురేటర్ వైపు చల్లితే మార్పు లేదు. హెడ్డు వైపు అతుకు మీద చల్లగానే శబ్దం ఒక్క క్షణం మారి, స్లో నిలకడపడి, నీళ్లు ఆరగానే మళ్లీ ఊగిసలాట మొదలైంది. ఇరవై రూపాయల రబ్బరు చుట్ట మారిస్తే ఆ జబ్బు పోయింది. ఈ సందడిలో ప్లగ్ సందు కొలిచి 0.7 మిల్లీమీటర్లకు సరిచేశాను, ఫిల్టరు దులిపాను, టాపెట్లు చూశాను. వాల్వుకూ దాన్ని నొక్కే చేతికీ మధ్య సందును సరిచేసేవి టాపెట్లు; ఇంజిను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే వాటిని చూడాలి. సందు కొలిచే ఫీలర్ గేజి ఆకు సన్నని రాపిడితో జారాలి. టాపెట్ సందు మరీ తక్కువైతే వేడెక్కిన వాల్వు పూర్తిగా మూసుకోదు, చల్లగా ఉన్నప్పుడు చక్కగా ఆడిన బండి పది కిలోమీటర్లు పోయాక స్లోలో ఆగుతుంది. టకటక శబ్దం వచ్చే టాపెట్‌ను అందరూ బిగించమంటారు, శబ్దం లేని టాపెట్‌ను ఎవరూ అనుమానించరు.

సరిగ్గా ఇక్కడ, రెండు జబ్బులూ నా చేత్తో నేనే నయం చేశానన్న గర్వంతో పెట్రోలు బంకుకు వెళ్లి ట్యాంకు నిండా పోయించిన మరునాడు ఉదయం, నారాకోడూరు దాటాక బండి ఆగింది.

సహజంగానే నేను విప్పి బిగించిన కార్బురేటరునే అనుమానించాను. మళ్లీ దించాను, మళ్లీ కడిగాను, తప్పేమీ కనిపించలేదు. నాన్నగారికి ఒక అలవాటు ఉంది. బండి కొన్న రోజు నుంచి ఒక చిన్న జేబు పుస్తకంలో పెన్సిలుతో తేదీ, మీటరు అంకె, పోసిన లీటర్లు వరుసగా రాస్తూ వచ్చారు. మొదటి పుస్తకం అయిపోతే రెండోది తీశారు, అది నడుస్తోంది. "ఆగిన రోజులు కూడా అందులో రాయరా. ఎక్కడ ఆగిందో, ఎంత దూరం పోయాక ఆగిందో రాయి. ఇప్పుడు ఏమీ విప్పకు" అన్నారు. నేను రాశాను కానీ, విప్పకుండా ఉండలేకపోయాను.

మొదటి అనుమానం కరెంటు వైపు వెళ్లింది. ప్లగ్ నిప్పురవ్వకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్‌లోని సన్నని తీగచుట్లు వేడెక్కినప్పుడు తెగి, చల్లారాక మళ్లీ కలిసే జబ్బు ఒకటి ఉంది. నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చెప్పే పల్సర్ కాయిల్‌కూ అదే రావచ్చు. పదిహేను కిలోమీటర్లు పోయాక ఆగి, కాసేపు నిలబెడితే స్టార్ట్ అయ్యే బండిని చూసి తొలుత ఎవరైనా దీన్నే అనుకుంటారు. వారం తరువాత రెండోసారి ఆగినప్పుడు జేబులో ఉన్న కొత్త ప్లగ్‌ను క్యాపులో గుచ్చి, దాని మరను హెడ్డుకు ఆనించి కిక్ కొట్టాను. నీలం రంగు నిప్పురవ్వ టిక్కుమని దూకింది. కాయిల్ నిర్దోషి. నిజానికి ఈ పరీక్ష లేకుండానే ఆ మాట తెలియాలి. కరెంటు పోతే బండి ఒక్క దెబ్బతో ఆగుతుంది, మీట నొక్కినట్టు. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా ఆగే బండి అయితే తల దగ్గర ఒరుసుకుపోయిన వైరును వెతకాలి. పెట్రోలు అయిపోతూ ఆగే బండి మాత్రం ముందు కుదిపి, తరువాత నీరసించి ఆగుతుంది. మా బండి మొదటి రోజే ఆ తేడాను చూపించింది, నేను చూడలేదు.

మూడోసారి బుడంపాడు దగ్గర ఆగింది. అలవాటుగా మూత తీసి చూసి, పెట్రోలు ఉందని తృప్తిపడి మూత పెట్టాను. కార్బురేటర్ బౌలు అడుగున ఉండే మర విప్పి చూస్తే నాలుగు చుక్కలు కూడా రాలేదు. బౌలు ఖాళీ! దొరికింది దొంగ అనుకుని, కాక్ నుంచి వచ్చే పైపు పీకాను. పెట్రోలు ధారగా పడింది. పైన పుష్కలంగా ఉంది, పైపులో పుష్కలంగా వస్తోంది, బౌలులోకి మాత్రం చేరడం లేదు కనుక బౌలుకు తలుపులా పనిచేసే ఫ్లోట్ నీడిల్ అతుక్కుపోయిందని తేల్చుకున్నాను. తర్కంలో లోపం ఏమీ లేదు. సాయంత్రం గుంటూరులోనే నీడిల్ కొని మార్చాను. మరుసటి వారం మళ్లీ ఆగింది.

నాలుగుసార్లు ఆగాక పుస్తకం తీసి చూశాం. ప్రతిసారీ ట్యాంకు నిండా పోయించిన మరునాడో ఆ మరునాడో ఆగింది. నాకు వెంటనే వెలిగింది, లేక వెలిగిందని అనుకున్నాను: పెట్రోలులో కలిపే ఇథనాల్ వల్లే ఇదంతా. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ-20 పెట్రోలును 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రారంభించారు, 2030కి అనుకున్న ఇరవై శాతం లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే అందుకున్నారు. మా బండి 2011 నాటిది. ఇథనాల్ మీద ఉన్న ఆరోపణలన్నీ ఉత్తవి కావు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఒక గ్రాము మండడానికి పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి కావలసిన చోట ఇథనాల్‌కు 9 గ్రాములు చాలు; జెట్ల కొలత మారని పాత కార్బురేటర్ బండి అందుచేత ఇదివరకటికంటే కొంచెం పొడిగా, అంటే గాలి పాలు ఎక్కువై, నడుస్తుంది. పాత రబ్బరు పైపులను అది ఉబ్బిస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీళ్లు ఒక హద్దు దాటితే నీళ్లూ ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు చేరి పెట్రోలు నుంచి వేరుపడతాయి. ఇవన్నీ నిజాలే కనుక, ఈ రోజుల్లో ఏ బండి ఆగినా నలుగురూ ఈ మాటే అంటున్నారు. బౌలులోంచి వంపిన పెట్రోలును గాజు సీసాలో పోసి రాత్రంతా కిటికీలో పెట్టాను. పొద్దున అడుగున పొర కడుతుందని చూశాను. ఏ పొరా లేదు, అడుగు నుంచి మెడ దాకా ఒకటే రంగు. అయినా బంకు మార్చాను. నిండా పోయించాను. రెండో రోజు ఆగింది.

నెలాఖరున జేబు పలచబడి, రోజు విడిచి రోజు రెండేసి లీటర్లే పోయించుకున్న వారంలో బండి ఒక్కసారి కూడా ఆగలేదు. మొదట అనుమానించిన ఆ పాత బంకులోనే పోయించాను. ఆదివారం నాన్నగారు పుస్తకం ముందు పెట్టుకుని పెన్సిలు కొనతో ఆ వరుసల మీద కొడుతూ అన్నారు: "బంకు అదే, పెట్రోలు అదే. మారింది ఎంత పోశావన్నదే కదరా. నిండుగా ఉంటే ఆగుతోంది, వెలితిగా ఉంటే ఆగడం లేదు. మరి వెలితిలో ఏముంటుంది?"

"ఏముంటుంది నాన్నగారూ, ఖాళీయే కదా."

"ఖాళీ ఏమిట్రా, గాలి."

పెట్రోలు ట్యాంకు నుంచి దాని బరువు మీదే కిందికి దిగుతుంది, మా బండిలో పంపు లేదు. దిగినంత మేర పైనుంచి గాలి లోపలికి రావాలి, అందుకోసం మూతలో సన్నని దారి ఉంటుంది. మూసిన డబ్బాలోని నూనె ఒకే కన్నం పెడితే ఎందుకు గుటకలు వేస్తూ పడుతుందో, రెండో కన్నం పెట్టగానే ఎందుకు ధార కడుతుందో వంటింట్లో అందరికీ తెలుసు. ఆ దారి పూడుకుంటే ట్యాంకులో ఒత్తిడి తగ్గుతూ పోతుంది. ఎంత తగ్గితే ధార ఆగుతుంది? ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా జానెడు ఎత్తు అనుకుంటే, ఆ పెట్రోలు స్తంభం బరువు వాతావరణ పీడనంలో నూటికి రెండు వంతులైనా ఉండదు. అంత కొద్దిపాటి లోటు చాలు. ట్యాంకు నిండా పోయిస్తే పైన మిగిలే గాలి అర లీటరు ఉంటుందేమో. లీటరుకు 55 కిలోమీటర్లు ఇచ్చే మా బండి పది కిలోమీటర్లలో 180 మిల్లీలీటర్లు తాగుతుంది. బయటి గాలి అసలే రాకపోతే ఆ అర లీటరు గాలి 680 మిల్లీలీటర్ల చోటులో సర్దుకోవాలి, ఒత్తిడి పావు వంతుకు పైగా పడిపోవాలి. అదే ట్యాంకులో రెండు లీటర్లే ఉండి పైన ఎనిమిది లీటర్ల గాలి ఉంటే, అదే 180 మిల్లీలీటర్లకు తగ్గేది నూటికి రెండు వంతుల చిల్లరే. పెట్రోలు ఆవిరి కొంత లోటు పూడుస్తుంది. మూత దారి పూర్తిగా కాకుండా ముప్పాతిక మూసుకుపోయి ఉంటే మిగతా గాలి చీమ నడకన వస్తుంది. వెలితి ట్యాంకుకు ఆ చీమ నడక సరిపోయింది. నిండు ట్యాంకుకు చాలక, పది పదిహేను కిలోమీటర్ల తరువాత బౌలు ఎండిపోయింది.

బుడంపాడు దగ్గర పైపు పీకినప్పుడు ధార ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది. పెట్రోలు ఉందో లేదో చూడ్డానికి నేను ముందే మూత తీశాను. మూత తీయడమే వైద్యం. రోగిని లేపి కూర్చోబెట్టి, ఇతనికి ఏ జబ్బూ లేదని చెప్పి, పక్కవాడికి మందిచ్చాను. మొదటి రోజు బండిని ఊపడమూ చోక్ లాగడమూ అనవసరం. ప్రతిసారీ దాన్ని నడిపించింది, నేను లెక్కలోకే తీసుకోని ఆ మూత.

అయినా అనుకున్నదాన్ని కళ్లతో చూడాలి. సోమవారం నిండా పోయించి, మంగళవారం అరగంట ముందు బయలుదేరాను. అంగలకుదురు దాటి, నారాకోడూరు దాటి, పొలాల మధ్య బండి కుదపడం మొదలుపెట్టగానే సంతోషించాను. అంతకు ముందు ఎవరూ తన బండి ఆగిపోతున్నందుకు అలా సంతోషించి ఉండరు. పక్కకు తీసి ఆపాను. మూత ముట్టుకోలేదు. బౌలు మర విప్పాను, ఖాళీ. మర బిగించి పైపు పీకాను. పది పన్నెండు చుక్కలు పడి, పైపు కొనలో ఒక చుక్క వేలాడుతూ ఆగింది. చిన్న సీసా పైపు కింద పట్టుకుని, రెండో చేత్తో మూత తాళం తిప్పాను. మూత కొద్దిగా బిగదీసి, స్‌స్‌మని లోపలికి గాలి పీల్చిన శబ్దం వచ్చింది. వేలాడుతున్న చుక్క తెగి, దాని వెనకే ధార మొదలైంది.

ఇంటికి వచ్చాక మూతను విప్పి బల్ల మీద పెట్టాం. మా బండి మూతలో గాలి దారి తాళం గొట్టం పక్కనుంచే పోతుంది. తాళం చెవి రంధ్రంలో నేను పోసిన మిషను నూనె ఆ దారిలోకి దిగి, దాని మీద నాలుగు నెలల దుమ్మూ గుంటూరు రోడ్డు దుమ్మూ చేరి, నల్లటి మడ్డిగా గడ్డకట్టి ఉంది. తాళం బాగా తిరుగుతోందని ఈ ఏడు వారాలూ నేను మురిసిపోయింది ఆ నూనెను చూసే. కిరోసిన్‌లో నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో తోమి, సైకిలు పంపుతో గాలి కొట్టి, చిన్న పైపు ముక్క ఆనించి నోటితో ఊదితే గాలి అడ్డులేకుండా పోయింది. ఖర్చు సున్నా. అంతకు ముందు నీడిల్‌కూ ప్లగ్‌కూ కార్బురేటర్ క్లీనరు డబ్బాలకూ అయినదాన్ని నాన్నగారు పుస్తకంలో రాయలేదు, అది ఆయన మంచితనం.

2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 పొగ నిబంధనలు వచ్చాక కొన్న బండ్లలో ఎక్కువ భాగానికి కార్బురేటర్ లేదు, ట్యాంకులో పంపూ ఇంజెక్టరూ ఉన్నాయి. వాటిలో స్లో జెట్ పూడుకోదు. ఆగితే మీటరులోని ఇంజిను దీపం ఎన్నిసార్లు ఆరి వెలుగుతోందో లెక్కపెట్టి కంపెనీ పుస్తకంతో సరిచూసుకోవాలి, తాళం తిప్పగానే రెండు మూడు క్షణాలు వినిపించే పంపు గుర్రుమనడం ఈ రోజు వినిపించిందో లేదో చెవి పెట్టాలి. వాటి ట్యాంకులకూ గాలి దారి కావాలి.

తాళం మాత్రం నూనె కడిగేశాక మళ్లీ బిగుసుకుంది. ఈసారి నాన్నగారు నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. జేబు పుస్తకంలోంచి పెన్సిలు తీసి, బ్లేడుతో కొన చెక్కి, ఆ నల్లటి ముల్లును తాళం చెవికి రెండు వైపులా పళ్ల సందుల్లోకి పోయేలా రుద్దారు. చెవిని తాళంలో పెట్టి పదిసార్లు తిప్పారు. చెవి సాఫీగా తిరిగింది. తరువాత అదే పెన్సిలుతో ఆ రోజు తేదీ వేసి, మీటరు అంకె రాసి, పక్కన "మూత కడిగాం. నిండా పోయించాలి. చూడాలి" అని రాసుకున్నారు. దాని కింద ఇప్పటికి పదకొండు నిండు ట్యాంకుల వరుసలున్నాయి, పక్కన రాయడానికి ఏమీ లేక ఆ గడి ఖాళీగా ఉంది.